తీగలు దించిన మనిషి

తిరుపతి నుంచి పలమనేరు పోయే బస్సు చిత్తూరు దాటి బంగారుపాళ్యం చేరేసరికి, కండక్టరు ఊరి పేరు అరవక ముందే నా ముక్కుకి తెలిసిపోయింది. మామిడికాయల కాలం. రోడ్డుకి రెండు పక్కలా ఫ్యాక్టరీల్లో గుజ్జు ఉడుకుతోంది. తియ్యటి వాసన, దాని అడుగున కాస్త మాడు, ఆ వెనకాల కుళ్లిన తొక్కల పులుపు. పక్క సీట్లో పిల్ల ‘అబ్బ, ఎంత బాగుందో’ అని కళ్లు మూసుకుని పీల్చింది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఇప్పటికీ, ఇంకాసేపట్లో జయన్న వచ్చేస్తాడు, ఈలోగా తీగలు దించెయ్యాలి అనే పాత తొందర ఒంట్లోకి వచ్చేస్తుంది.

ఆ రోజు నేను వెళ్తున్నది జయన్న దినాలకే. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ సంగతి రాయడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు రాస్తున్నాను. రాయాలనుకున్నది జయన్న గురించి కాదు, మునిరత్నం అన్న గురించి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరూ లేరు గనుక ఈ మాటలు ఇక ఎవరికీ గుచ్చుకోవు.

మునిరత్నం అన్నను చూస్తే గిటారు వాయిస్తాడని ఎవరూ అనుకోరు. బక్కపలచటి మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా, నుదుటన విభూతి. బంగారుపాళ్యంలో ఒక గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సాయంత్రం పని ముగియగానే అక్కడి గోడౌనులో ముగ్గురు మనుషులు చేరి రేకులు అదిరేలా వాయించేవారు. గిటారు మునిరత్నం అన్న, డ్రమ్ములు చిత్తూరులో బట్టలు కుట్టే ఖాదర్, పాట పలమనేరు దగ్గర టమోటాలు పండించే జయచంద్రారెడ్డి. అందరికీ జయన్న. బ్యాండు పేరు ‘పిడుగు’. వాళ్లది హెవీ మెటల్. అదేమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, కోపమొచ్చిన గిటారు. సొంతంగా తెలుగులో పాటలు కట్టుకునేవారు. వడమాలపేటలో ఎవరో ఆర్కెస్ట్రా అనుకుని పెళ్లికి పిలిస్తే, రెండో పాటకే పెళ్లికొడుకు మేనమామ వేదికెక్కి, “ఏమప్పా, మీకు ఎవురితోనన్నా గొడవలుండాయా?” అని అడిగాడట.

వాళ్లలో నేను చేరడానికి కారణం నా వీణ. మాది తిరుపతిలో వైష్ణవుల ఇల్లు. నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. తొంభైల నడిమి కాలం, నేను సంగీత కళాశాలలో చదువుతున్నాను. మా వార్షికోత్సవంలో నా వీణ విని మునిరత్నం అన్న నేరుగా ఇంటికొచ్చాడు. గిటారు తేలేదు, తెలివైనవాడు. చేతులు కట్టుకుని నాయన ఎదురుగా నిలబడి, “మా ముగ్గురికీ అరిసేది బాగా తెలుసు సామీ. శ్రుతి తప్పితే సెప్పేవాళ్లే లేరు. మీ బిడ్డ సెవి మాకు కావాల,” అన్నాడు. డబ్బిస్తానన్నా, పేరొస్తుందన్నా నాయన తలుపు చూపించేవాడు. శ్రుతి కోసం వచ్చిన మనిషిని కాదనలేకపోయాడు. అలా నేను వీణ మీటే చేత్తో, కింది స్వరాలు పలికే బేస్ గిటారు పట్టుకున్నాను. మా అమ్మ దాన్ని చివరిదాకా ‘ఆ దుడ్డుకర్ర’ అనే పిలిచింది.

జయన్న గొంతు గురించి చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు. ప్రతి పాట చివరా ఆయన ఒక కేక వేసేవాడు. కేకంటే అరుపు కాదు, స్వరం. నేరుగా పైకి పోయి అక్కడ వణక్కుండా నిలబడేది. ఆ కేక కోసమే జనం వచ్చేవారు. జయన్నకూ జీవితంలో ఉన్న ఒకే ఒక్క గర్వం అది. పొలం అన్నదమ్ములందరిదీ, బోరులో నీళ్లు దేవుడివి, ఆ కేక మాత్రం తనది అన్నట్టు ఉండేవాడు.

కొన్నేళ్లకు జయన్న గొంతులో చిన్న కాయ లేచింది. వేలూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ప్రాణానికి భయం లేదు, మాట వస్తుంది, పైస్వరాలు మాత్రం మునుపటిలా రాకపోవచ్చు అని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి జయన్న నోరు విప్పలేదు. ఒకరోజు ఆయన భార్య ఫ్యాక్టరీకి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, “కూడు తినేదిల్లేదన్నా. పొద్దస్తమానం బాయి గట్టు మీదనే కూసోని లోపలికి సూస్తా ఉండాడు. నాకు బయంగా ఉండాది,” అంది. మునిరత్నం అన్న ఆమెను బస్సెక్కించి వచ్చి, బాయిలరు గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ గోడ ఎంత వేడిగా ఉంటుందో మాకు తెలుసు. ఆయనకు తెలిసినట్టు లేదు.

ఆ వారంలోనే నన్నూ ఖాదర్‌నూ జయన్న కంటే ముందు గోడౌనుకు రమ్మన్నాడు. మేం వెళ్లేసరికి గిటారు ఒళ్లో పెట్టుకుని తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తున్నాడు.

“అన్నా, శ్రుతి దిగిపోతోంది,” అన్నాను.

“దించతా ఉండానమ్మా. నీది కూడా దించు. రెండు మెట్లు.”

గిటారులో ఉన్న సౌకర్యం అది. తీగలన్నీ ఒకే తీరుగా వదులు చేస్తే పాట మొత్తం కిందికి దిగుతుంది, దానితో పాటు చివరి కేకా జయన్నకు అందేంత కిందికి వస్తుంది. వేళ్లు మాత్రం పాత చోట్లలోనే ఆడతాయి. చూసేవాడికి తేడా తెలియదు. జయన్నకు వాయిద్యం రాదు. మునిరత్నం అన్న వేళ్లు చూసి, మోగింది విని అందుకునేవాడు. ఖాదర్ డ్రమ్ముల మీద గుడ్డ తీసి దులపడం మొదలుపెట్టాడు. నేనూ నా తీగలు దించాను. బయట జయన్న మోటారుసైకిలు ఆగిన చప్పుడు వినిపించింది.

ఆయన పాడనంటే పాడనన్నాడు. మునిరత్నం అన్న బతిమాలలేదు. “పాడొద్దులే జయా, ఊరికే కూసో,” అని పాట మొదలుపెట్టాడు. మూడో చరణానికి జయన్న పెదవులు కదిలాయి. పాట చివరికొచ్చింది. కేక వచ్చింది. బొంగురుగా, భయం భయంగా, కానీ నిలబడింది. జయన్న నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “దిగలేదబ్బా! నా గొంతు దిగలే రత్నం!” అన్నాడు. మునిరత్నం అన్న ఆయన భుజం పట్టుకుని, “దిగుతాదా? నీ గొంతు యాడికి పోతాది?” అన్నాడు. అంత శుభ్రంగా అబద్ధమాడిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

తరవాతి ఏళ్లలో ఇంకో అర మెట్టు దించాం. మందపాటి తీగలు వేశాం. మోత ఇంకా బరువుగా మారిందని కుర్రకారు మెచ్చుకున్నారు. ఒకసారి జయన్న, ఆపరేషనుకు ముందు మేం రికార్డు చేసిన పాత కేసెట్టు పెట్టుకుని విని, “అందులో పాట ఇంకా పైన ఉండాదేమబ్బా?” అని వచ్చాడు. మునిరత్నం అన్న తల కూడా ఎత్తకుండా, “టేపురికార్డరు గబగబా తిరగతా ఉండాది. బెల్టు మార్పించు,” అన్నాడు. జయన్న పలమనేరులో నిజంగానే బెల్టు మార్పించాడు.

నేను ఊరుకోలేకపోయాను. శ్రుతి అంటే ప్రమాణం అని నేర్చుకున్న దాన్ని. “ఇది మోసం కాదా అన్నా?” అని ఒకరోజు అడిగాను.

“నీ వీణకి ఆడపిల్ల పాడితే ఒక శ్రుతి పెడతావు, మొగోడు పాడితే ఒకటి పెడతావు. అది మోసమా?”

“వాళ్లకు చెప్పి పెడతాను.”

“సెప్తే ఈడు పాడతాడా?” అన్నాడు. ఆ బావి గట్టు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇదంతా ఎంతకాలమైనా అలాగే సాగిపోయేది, టీవీ పోటీ రాకపోతే. రెండువేల సంవత్సరం దాటాక ఏ ఛానెల్ పెట్టినా పాటల పోటీలే. ఒక ఛానెల్ బృందాలకు కూడా పోటీ పెట్టింది. జయన్న మాకెవరికీ చెప్పకుండా పేరిచ్చేశాడు. మునిరత్నం అన్న ముఖం తెల్లబోవడం నేను చూశాను. “మనకెందుకబ్బా జయా, ఆడంతా పిల్లోళ్లు,” అన్నాడు. “పిల్లోళ్లే. ముసిలోళ్లు ఎట్ల అరుస్తారో సూడనీ,” అన్నాడు జయన్న. తిరుపతి ఎంపికలో గెలిచాం. హైదరాబాదు రమ్మన్నారు.

అక్కడ ప్రతి బృందానికీ తోడుగా వాళ్ల కీబోర్డు కళాకారుడు వాయిస్తాడు. కీబోర్డు అసలు శ్రుతిలో మోగితే మా గుట్టు ఆ క్షణమే బయటపడుతుంది. మునిరత్నం అన్న ఆ కుర్రాడిని పక్కకు తీసుకుపోయి చెవిలో ఏదో చెప్పాడు. అతను మంచివాడు, తలూపి ఒక మీట నొక్కి శ్రుతి దించుకున్నాడు. గండం గడిచిందనుకున్నాం. కానీ వాళ్లకు పాట ఒక్కటే చాలదు, పాట వెనక కన్నీళ్లు కావాలి. యాంకరమ్మ మైకు పెట్టగానే జయన్న, “వేలూరులో గొంతు కోసినారు మేడం. అయినా సూడండి, అణువంత కూడా దిగలా! కావాలంటే మా పాత కేసెట్టు ఇస్తా, ఇనుకోండి,” అన్నాడు. హాలంతా చప్పట్లు. సంచిలోంచి కేసెట్టు తీసి ఇచ్చేశాడు కూడా. తరవాతి వారమంతా ఆ మాటనే ఛానెల్లో పదేపదే వేశారు. చిత్తూరు జిల్లాలో జయన్న దేవుడైపోయాడు. మునిరత్నం అన్నకు అన్నం సయించడం మానేసింది.

మళ్లీ షూటింగు నాడు మేం బాగానే వాయించాం. జయన్న కేక వెయ్యగానే జనం లేచి నిలబడ్డారు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన ఉన్నారు, సినిమా సంగీతంలో తల పండినవారు. ఆయన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

“బాగా పాడారు రెడ్డిగారూ. ఒక్క సందేహం. మీ పాత కేసెట్టు విన్నాను. అందులో శ్రుతి వేరు, ఇక్కడ వేరు. తీగలు బాగా దించారు. ఎందుకని?”

జయన్న నవ్వేశాడు. “ఆ కేసెట్టు గబగబా తిరగతాది సార్. మా రత్నం ఎప్పుడో సెప్పినాడు.”

“మా స్టూడియో యంత్రం మీద విన్నాను. అది సరిగానే తిరుగుతుంది,” అన్నారు పెద్దాయన నెమ్మదిగా.

జయన్న నవ్వు సగంలో ఆగింది. మెల్లగా మునిరత్నం అన్న వైపు తిరిగాడు. కీబోర్డు కుర్రాడు తల వంచుకున్నాడు. అయిపోయింది, లక్షల మంది చూస్తుండగా ఈ మనిషిని చంపేస్తున్నాం అనుకున్నాను.

మునిరత్నం అన్న మైకు దగ్గరకు వచ్చాడు. “నా వేళ్లు సార్,” అన్నాడు. ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. “కీళ్లు పట్టేసినాయి. తీగలు బిగిస్తే నొక్కలేను. అందుకని దించుకున్నా. జయకి కూడా సెప్పలా. వాడి గొంతులో ఏం లోపం లేదు సార్. లోపమంతా నాదే.”

హాలు గొల్లుమంది, కొందరు జాలిగా, కొందరు ఎగతాళిగా. అంతటితో పోయుంటే బాగుండేది. యాంకరమ్మకు ఉత్సాహం వచ్చింది. “అయితే మా గిటారిస్టు వాయిస్తారు, రెడ్డిగారు పాత శ్రుతిలో ఆ కేక వేస్తారు!” అంది. జయన్న అప్పటికే మైకు చేతిలోకి తీసుకున్నాడు. “పాడతా సార్! ఇప్పుడే పాడతా!” అంటున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. ఆ కేక రాదని తెలిసినవాళ్లం ఆ వేదిక మీద ముగ్గురం. వేరే గిటారిస్టు మెట్లు దిగి వస్తున్నాడు.

మునిరత్నం అన్న అడ్డంగా నిలబడ్డాడు. “నా బ్యాండులో గిటారు నేనే వాయించాల. ఇంకొకడు ముట్టుకుంటే పాట లేదు,” అన్నాడు. గొంతు కూడా మార్చేశాడు, పొగరుబోతులా.

“ఏమబ్బా రత్నం, నేను పాడతా కదా!”

“లేదంటే లేదు.”

జనం ఈలలు వేశారు. ‘దిగిపో ముసలోడా’ అని ఎవరో అరిచారు. పెద్దాయన మునిరత్నం అన్నను చాలాసేపు చూశారు. తరవాత నన్ను చూశారు. నేను కళ్లు దించుకున్నాను. “బృందానికి పెద్ద ఆయన. ఆయన మాట ప్రకారమే కానివ్వండి,” అని కాగితం మీద ఏదో రాసి మడిచారు. ఆయనకు అర్థమైందని నా నమ్మకం. పోటీలోంచి మమ్మల్ని తీసేశారు.

తిరుపతి స్టేషనులో దిగాక జయన్న ఒక్క మాట అన్నాడు. “నీ యేళ్లు పోతే పోయినాయి, నా గొంతు ఎందుకబ్బా నొక్కినావు?” మునిరత్నం అన్న, “తప్పే జయా,” అన్నాడు. జయన్న వెనక్కి చూడకుండా పలమనేరు బస్సెక్కాడు. ఆ భాగం టీవీలో వచ్చాక ఫ్యాక్టరీలో పనివాళ్లు కూడా అన్న ఎదురైతే వేళ్లు ముడుచుకుని చూపించి నవ్వేవారు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పేస్తానన్నాను.

“సెప్పి?” అన్నాడు మునిరత్నం అన్న. “నా యేళ్లని నవ్వితే నాకేం పోయిందమ్మా? సాయంత్రం ఇంటికి పోయి ఆ యేళ్లతోనే వాయించుకుంటా. వాడికి ఆ గొంతు తప్ప ఇంకేముండాది?”

కొన్నాళ్లకు జయన్న తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. అప్పటికి నేను ఇంట్లోనే పిల్లలకు వీణ చెబుతున్నాను. కుర్చీ వెయ్యబోతే వద్దని నేల మీదే కూర్చున్నాడు. “వైదేహీ, వీణ తియ్యి. పాత శ్రుతి పెట్టు. ఇన్నేళ్లూ వాడి కోసరం కింద పాడినానంటే, పైన ఇంకా ఉండాదో లేదో నాకు తెలియాల. నీ సెవి అబద్దం సెప్పదు. అందుకే నీ కాడికి వచ్చినా,” అన్నాడు.

వీణ ఒళ్లోకి తీసుకున్నాను. పక్కన మునిరత్నం అన్న లేడు. అడగడానికి ఎవరూ లేరు. పాత శ్రుతి పెడితే కేక విరిగిపోతుంది, ఆయనకు అంతా తెలిసిపోతుంది. రోజూ పాడే కింది శ్రుతే పెడితే కష్టం తెలియక అనుమానం వస్తుంది. తీగలు బిగించే బిరడాలు తిప్పుతూ ఎంత ఆలస్యం చెయ్యగలనో అంత చేశాను. చివరకు ఆయన అలవాటు శ్రుతి కన్నా అర మెట్టు మాత్రం పైన ఆపాను. గొంతు అంతవరకైనా వస్తుందో రాదో నాకు తెలియదు. “ఇదేనన్నా పాతది,” అన్నాను.

జయన్న పాడాడు. కేక దగ్గర మెడ నరాలు తాళ్లలా లేచాయి. స్వరం ఒక్క క్షణం ఊగింది. నేను తీగను గట్టిగా మీటి దానికింద పట్టు ఇచ్చాను. నిలబడింది. జయన్న కళ్లు తుడుచుకుని, “ఉండాది. నాకు తెలుసు, యాడికీ పోలేదు,” అన్నాడు. కాసేపుండి, “పాపం, రత్నం యేళ్లే పోయినాయి. వాడిని నేను అనకూడని మాట అన్నా,” అన్నాడు. శ్రుతి అంటే ప్రమాణమని వాదించిన నేను ఆ పూట శ్రుతి విషయంలో జీవితంలో మొదటి అబద్ధం చెప్పాను. సిగ్గు వెయ్యలేదు. వేస్తుందని భయపడ్డాను గానీ వెయ్యలేదు.

మా ప్రాంతంలో కీళ్లూ ఎముకలూ అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. జయన్న మా ఇంటి నుంచి నేరుగా బంగారుపాళ్యం పోయి, మర్నాడే మునిరత్నం అన్నను రెక్క పట్టుకుని పుత్తూరు లాక్కొచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. కట్టు కట్టే పెద్దమనిషి అన్న వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, “ఏమీ లేదే,” అన్నాడు. “లోపల ఉండాదయ్యా. కట్టండి,” అన్నాడు మునిరత్నం అన్న. ఆయన అన్న ముఖం చూశాడు, వెనక ఆత్రంగా నిలబడ్డ జయన్నను చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఆకు పసరు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి, గుండ్రాయి లాంటి ఆ వేళ్లకు గట్టిగా కట్టాడు. దారంతా జయన్న ఆయనకు సోడా సీసా నోటికందించి తాగించాడు. మునిరత్నం అన్న బుద్ధిగా తాగాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

కట్టు విప్పాక అన్న మళ్లీ గిటారు పట్టాడు. ఆనాటి నుంచి, అక్కడక్కడ, కావాలనే వేలు తడబడినట్టు వాయించేవాడు. అంత చక్కటి చెయ్యి, పదిమంది ముందు తప్పు వాయించడం నేర్చుకుంది. టీవీలో పడిన మాటలకంటే అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. ఆయన మాత్రం తప్పు వాయించిన ప్రతిసారీ జయన్న వైపు చూసి, “ఏమనుకోవద్దబ్బా,” అనేవాడు. “పోనీలే రత్నం,” అని జయన్న పెద్దమనసుతో కేక అందుకునేవాడు. కొన్నేళ్లకు మునిరత్నం అన్న గుండెపోటుతో పోయాడు. ఖాదర్ మిషను దగ్గర కూర్చుని కుడుతూ కుడుతూ ఏడ్చాడని విన్నాను.

జయన్న పాడటం మానలేదు. నెలకో రెండు నెలలకో మా ఇంటికి వచ్చేవాడు, లేదా నేనే పలమనేరు వెళ్లేదాన్ని. వయసుతో గొంతు ఇంకా దిగుతూ వచ్చింది. ఆయన వచ్చేలోగా నేను బిరడాలు తిప్పి ఉంచేదాన్ని. ముందు పలకరించి, ఆ పూట మాట ఎలా ఉందో విని, ఇంకాస్త దించి, ‘పాత శ్రుతేనన్నా’ అనేదాన్ని. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు శ్రుతి విషయంలో వెంట్రుకవాసి కూడా వదలను. అదీ ఇదీ ఒకే చేతులతో చేశాను.

చివరిసారి పలమనేరులో వాళ్లింటి వరండాలో పాడాడు. ఆయన పాత శ్రుతి నుంచి మేం ఎంత కిందికి వచ్చేశామంటే, వీణ తీగలు వదులైపోయి మెట్లకు కొట్టుకుంటున్నాయి. కేక సన్నగా లేచి, వణికి, నిలిచింది. జయన్న ఆయాసం తీర్చుకుని, పైపంచెతో మూతి తుడుచుకుని, నా వీణ వైపు చూస్తూ అన్నాడు:

“రత్నం ఉండింటే ఈ శ్రుతికి వాయించలేకపోయేవాడు, పాపం.”

“అవునన్నా,” అన్నాను.